పాత ఆటో వెనక యాక్సిల్: నింపించాలా, మార్పించాలా?

పాత ఆటో వెనక చక్రం ఊగుతోందంటే ముందు బేరింగ్‌నే అనుమానిస్తాం. కొత్త బేరింగ్ వేసినా ఊగితే యాక్సిల్, అంటే చక్రాన్ని తిప్పే ఇరుసు, అరిగి ఉండొచ్చు. విప్పి చూస్తే బేరింగ్ కూర్చునే చోట నున్నగా మెరుస్తూ, గోటికి తగిలే మెట్టు కనిపిస్తుంది. వెనక ఇంజన్ బజాజ్ ఆటో వచ్చింది 1977లో. ఆ కాలపు బండిని ముచ్చటపడి దాచుకున్నవాళ్లకి వరంగల్ మెకానిక్‌ల దగ్గర రెండు సలహాలు వినిపిస్తాయి: అరిగిన చోటు వెల్డింగ్‌తో నింపి, లేత్ మీద తిప్పి సైజుకి కోయించు, లేదా వేరేది వేయించు.

నింపించడం చవక, ఒరిజినల్ ముక్క బండిలోనే ఉంటుంది. కానీ పనంతా వెల్డర్ ఓపిక మీదే. ముందుగా వేడి చేయకుండా రాడ్ పెట్టి, ఎర్రగా ఉండగానే నీళ్లు పోస్తే ఉక్కు పెళుసెక్కి, కొన్నాళ్లకు ఆ పక్కనే విరుగుతుంది. నింపాక పొడి బూడిదలో మెల్లగా చల్లారనివ్వాలి. తర్వాత లేత్ సెంటర్ల మధ్య తిప్పి, డయల్ గేజ్ (కొద్దిపాటి తేడానీ ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి వంపు చూడమనండి. 'ఏం కాదన్నా, నడుస్తది' అంటే షాపు మార్చండి.

వేరేది వేయిస్తే ఈ టెన్షన్ లేదు, ఉన్నదల్లా వెతుకులాటే. స్క్రాప్‌లో దొరికిందీ అరిగి ఉండొచ్చు. పొడవు, యాక్సిల్ చివర ఉండే పళ్ల లెక్క పాతదాని పక్కన పెట్టి సరిచూడాలి.

బేరింగ్ చోటు మాత్రమే అరిగితే నా ఓటు నింపించడానికే. పళ్లు అరిగినా, సన్నని బీట కనిపించినా వెల్డింగ్ మాటే వద్దు. ఏది చేయించినా ఆయిల్ సీల్ కొత్తది వేయించండి, పాతది కారితే బ్రేక్ పట్టదు.