ఎండలో డ్రోన్ చిత్రీకరణకు ఎన్‌డీ ఫిల్టర్లు: చాలాకాలం వాడిన మీదట నా సమీక్ష

ఎపర్చర్ (కాంతి లోపలికి వచ్చే లెన్స్ రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్/1.7 వద్ద స్థిరంగా ఉండే డీజేఐ మినీ 4 ప్రో మీద, ఎపర్చర్‌ను ఎఫ్/2.8 నుంచి ఎఫ్/11 వరకు మార్చుకోగలిగే మావిక్ 3 మీద వేర్వేరు తయారీదారుల ఎన్‌డీ ఫిల్టర్లను (లెన్స్ మీద బిగించి, రంగు మార్చకుండా కాంతిని తగ్గించే ముదురు గాజులను) చాలాకాలంగా వాడుతున్నాను. కొనేవారందరూ మొదట అడిగే ప్రశ్న ఏ అంకె కొనాలన్నది. నిజానికి అది చిన్న లెక్కతో తేలిపోతుంది. ఏళ్ల తరబడి వాడినప్పుడు ఒక ఫిల్టర్‌ను మరో ఫిల్టర్ కంటే మెరుగుగా నిలబెట్టేది రంగులో దాని నిజాయతీ, బరువు, బిగింపు. అసలు ఆ సన్నివేశానికి ఫిల్టర్ అవసరమా అన్నది వీటన్నిటికంటే ముందు ఆలోచించవలసిన విషయం.

ముందు లెక్క చూద్దాం. నిండు ఎండలో ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/16 వద్ద సరైన ఎక్స్‌పోజర్‌కు సుమారు 1/100 సెకను షటర్ (కాంతి పడనిచ్చే సమయం) సరిపోతుందన్నది ఫిల్ము కాలం నుంచి ఉన్న సూత్రం. ఎఫ్/2.8 వద్ద లెన్స్ ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు కాంతి రెట్టింపు) ఎక్కువగా తెరుచుకుంటుంది కనుక షటర్ 1/3200కు చేరుతుంది; ఎఫ్/1.7 వద్ద దాదాపు 1/9000కు పోతుంది. సెకనుకు 24 లేదా 25 ఫ్రేముల వీడియోలో కదలిక సహజంగా కనిపించడానికి షటర్‌ను ఫ్రేమ్ వేగానికి రెట్టింపు వద్ద, అంటే 1/50 దగ్గర ఉంచుతారు. ఎన్‌డీ4 రెండు స్టాపులు, ఎన్‌డీ8 మూడు, ఎన్‌డీ16 నాలుగు, ఎన్‌డీ64 ఆరు, ఎన్‌డీ128 ఏడు స్టాపుల కాంతిని తగ్గిస్తాయి. కాబట్టి ఎఫ్/2.8కు ఎన్‌డీ64, ఎఫ్/1.7కు ఎన్‌డీ128 మధ్యాహ్నపు ఎండకు సరిపోతాయి. ఎపర్చర్ మార్చుకోగలిగిన డ్రోన్‌లో ఎఫ్/5.6 పెట్టుకుంటే ఎన్‌డీ16తోనే పని జరుగుతుంది. ఎఫ్/11 వరకు మూస్తే ఇంకా తక్కువ చాలు గానీ, వివర్తనం (సన్నని రంధ్రం గుండా పోయే కాంతి చెదరడం) వల్ల చిత్రం మెత్తబడుతుంది కనుక నేను అంత దూరం వెళ్లను. సెకనుకు 60 ఫ్రేములు తీసేవారికి ఒక స్టాపు పైగా తక్కువ చీకటి సరిపోతుంది. కొన్ని డ్రోన్‌లలో లాగ్ ప్రొఫైల్ (తరువాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా వెలిసిన రంగులతో రికార్డు చేసే పద్ధతి) కనీస ఐఎస్ఓను పెంచుతుంది. అప్పుడు అంతే మేర ముదురు ఫిల్టర్ కావాలి.

ఈ రెట్టింపు సూత్రాన్ని అన్ని ఎత్తులకూ వర్తించే శాసనంగా చెప్పేవారితో మాత్రం నేను ఏకీభవించను. డ్రోన్ సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. 1/50 సెకను షటర్ తెరిచి ఉన్నంతసేపట్లో అది 20 సెంటీమీటర్లు జరుగుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మిల్లీమీటర్లకు సమానమైన లెన్స్‌తో 3 మీటర్ల ఎత్తు నుంచి నిలువుగా కిందికి చూస్తే ఫ్రేము వెడల్పు సుమారు నాలుగున్నర మీటర్లు. 4కే (3840 పిక్సెళ్ల వెడల్పు) వీడియోలో ఆ 20 సెంటీమీటర్లు 170 పిక్సెళ్లకు పైగా సాగిన మసకగా కనిపిస్తాయి. అదే 100 మీటర్ల ఎత్తులో ఫ్రేము 150 మీటర్లను చూపుతుంది కనుక ఆ మసక కేవలం ఐదు పిక్సెళ్లు. నేలను ఆనుకుని, చెట్ల పక్క నుంచి, రోడ్డు వెంట ఎగిరేటప్పుడు ఫిల్టర్ లేని వీడియో అదురుతున్నట్టు అనిపించడానికి, ఎత్తున నెమ్మదిగా తీసిన విశాల దృశ్యంలో ఫిల్టర్ ఉన్నా లేకున్నా ఎవరూ గుర్తించలేకపోవడానికి కారణం ఇదే. అయితే ఎత్తులోనూ ఒక ప్రయోజనం మిగులుతుంది: సూర్యుడు పైన ఉండి రెక్కల నీడ లెన్స్ మీద పడే కోణంలో, వేగమైన షటర్ పట్టుకునే నల్లని చారల మినుకులు నెమ్మదైన షటర్‌తో బాగా తగ్గుతాయి.

రంగు దగ్గరే ధరల తేడా బయటపడుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే కెమెరా అమరికను) ఒకే విలువకు బిగించి, ఒకే బూడిద రంగు కార్డును ఫిల్టర్‌తోనూ ఫిల్టర్ లేకుండానూ తీసి పోల్చడం నా అలవాటు. ఎన్‌డీ8, ఎన్‌డీ16లలో చవక గాజు కూడా చాలాసార్లు నెగ్గుకొస్తుంది. ముదురు ఫిల్టర్లలో మాత్రం కంటికి కనిపించే కాంతి ఆగి పరారుణ కాంతి జొరబడితే నీడలూ నల్లని వస్త్రాలూ ఎర్రటి గోధుమ ఛాయలోకి తిరుగుతాయి. దీనిని తరువాత సరిచేయడం కష్టం. అన్నిటికీ ఒకే రకమైన చిన్న ఛాయ ఉంటే సర్దుకోవచ్చు. ఒక్కో అంకెది ఒక్కో ఛాయ అయిన సెట్టు నా దృష్టిలో డబ్బు దండగ.

పోలరైజర్ (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పంపే పొర) కలిసిన ఎన్‌డీల మీద నాకు మిశ్రమాభిప్రాయం ఉంది. నీటి మీది మెరుపును అవి బాగా తుడిచేస్తాయి. కెమెరా క్షితిజరేఖకు 37 డిగ్రీల దిగువకు చూస్తున్నప్పుడు ఆ ప్రభావం అత్యధికం, నిలువుగా కిందికి చూస్తే దాదాపు శూన్యం. గాలిలో ఉండగా ఫిల్టర్‌ను తిప్పే వీలు లేదు కనుక, డ్రోన్ దిశ మారిన కొద్దీ ఆకాశం ఒక మూల ముదిరి మరో మూల వెలిసి కనిపిస్తుంది. ఒకే దిశలో సాగే దృశ్యాలకే దానిని పెడతాను. రెండు పోలరైజర్లతో చేసే వేరియబుల్ (తిప్పి ముదురుదనం మార్చుకోగలిగే) ఎన్‌డీలకూ ఇదే లోపం ఉంది. గరిష్ఠ స్థాయికి తిప్పితే పైగా ఎక్స్ ఆకారపు మచ్చ వస్తుంది.

బరువు విషయంలో రాజీ కూడదు. గింబల్ (కెమెరాను అదరకుండా నిలిపే అమరిక) మోటార్లు కొద్ది గ్రాముల తేడాకే స్పందిస్తాయి. వేరే డ్రోన్ మోడల్ ఫిల్టర్ పెడితే గింబల్ లోపం చూపవచ్చు, క్షితిజరేఖ వంగవచ్చు. ఆ మోడల్‌కే చేసినదాన్ని, డ్రోన్ ఆపి ఉండగా కెమెరా పెట్టెను వేళ్లతో పట్టుకుని బిగించాలి. దీర్ఘకాలంలో ముందుగా అరిగేది గాజు కాదు, బిగింపు అంచులే. బిగింపు వదులైన ఫిల్టర్ ఎంత మంచిదైనా ఎగరడానికి పనికిరాదు.

నిశ్చల చిత్రాలకు నేను ఎన్‌డీని దాదాపు ఎప్పుడూ తీసేస్తాను, ఎందుకంటే వేగమైన షటర్ అక్కడ లోపం కాదు, వరం. పటాలు తయారుచేయడానికి వరుసగా తీసే చిత్రాలకైతే ఫిల్టర్ నేరుగా హాని చేస్తుంది: ప్రతి చిత్రంలో అంచులు స్పష్టంగా ఉంటేనే సాఫ్ట్‌వేర్ వాటిని అతకగలదు. జలపాతాన్ని పాలధారలా తీయాలనుకున్నప్పుడు మాత్రం, గాలి లేని వేళ డ్రోన్‌ను నిలిపి అర సెకను నుంచి ఒక సెకను వరకు షటర్ తెరవడానికి ఎన్‌డీ1000 వంటి పది స్టాపుల గాజు కావాలి. నాలుగైదు చిత్రాలు వరుసగా తీస్తే వాటిలో ఒకటైనా కదలకుండా వస్తుంది.