టెయిల్‌విండా, ట్రిక్ రూమా: పోకెమాన్ డబుల్స్ జట్టుకు ఏది మేలు?

పోకెమాన్ వీడియో గేమ్ అధికారిక పోటీలు, అంటే ఆటగాళ్లంతా వీజీసీ అని పిలిచే పోటీలు, డబుల్స్ పద్ధతిలోనే సాగుతాయి. జట్టులో ఆరు పోకెమాన్‌లు ఉంటాయి. ఎదుటివారి ఆరింటినీ చూశాక మన ఆరింటిలో నాలుగింటిని ఎంచుకుని, రెండేసి చొప్పున బరిలోకి దింపుతాము. అన్నింటి లెవెల్‌నూ 50గానే లెక్కిస్తారు. ఒకే పోకెమాన్‌ను రెండుసార్లు పెట్టుకోవడానికి గానీ, ఒకే ఐటమ్‌ను (పోకెమాన్ పట్టుకునే వస్తువును) రెండింటికి ఇవ్వడానికి గానీ వీలులేదు. కొత్తగా జట్టు కట్టేవారు ఇందులో బలమైన పోకెమాన్ ఏదని ముందుగా వెతుకుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం, టర్న్‌లో, అంటే బరిలోని వారంతా ఒక్కోసారి కదిలే వంతులో, ఎవరు ముందు కదలాలో నిర్ణయించే అధికారాన్ని మన చేతిలో ఎలా ఉంచుకుంటామన్నది. ఎదుటి రెండు పోకెమాన్‌లూ కలిసి మన ఒక్కదానిపై దాడి చేస్తే అది మొదటి టర్న్‌లోనే పడిపోవచ్చు, పడిపోయినది ఆ టర్న్‌లో తన మూవ్‌ను (దాడి వంటి ఎత్తుగడను) వాడే వీలుండదు. అందుకే డబుల్స్‌లో వేగానికి ఇంత విలువ.

ఆ అధికారాన్ని అందించే ప్రధాన మూవ్‌లు రెండూ 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ ఆటలలోనే పుట్టాయి. టెయిల్‌విండ్ మన వైపు ఉన్నవారందరి వేగాన్ని రెట్టింపు చేస్తుంది. ట్రిక్ రూమ్ బరినంతటినీ తలకిందులు చేసి, తక్కువ వేగం ఉన్నవారిని ముందు కదిలిస్తుంది. 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ ఆటలను ఆధారంగా తీసుకుని, ఆ రెండింటిలో దేని చుట్టూ జట్టు కట్టుకోవాలో ఇక్కడ తూచి చూస్తున్నాను.

టెయిల్‌విండ్ బలం అంకెల్లో చూస్తేనే పూర్తిగా తెలుస్తుంది. ఫ్లట్టర్ మేన్ అనే పోకెమాన్ బేస్ వేగం, అంటే ఆ జాతికంతటికీ ఒకటే అయిన మూల అంకె, 135. పెట్టగలిగినన్ని ఈవీలు (శిక్షణతో పెంచుకునే పాయింట్లు) వేగంలో పోసి, దానికి తగిన నేచర్ (ఒక గుణాన్ని పెంచి మరొకదాన్ని తగ్గించే స్వభావం) కూడా ఇస్తే లెవెల్ 50 దగ్గర అది 205కి చేరుతుంది. రిల్లాబూమ్ బేస్ వేగం 85 మాత్రమే. వేగంలో ఒక్క ఈవీ కూడా పెట్టకపోతే దాని వేగం 105. కానీ టెయిల్‌విండ్ వీస్తున్నప్పుడు ఆ 105 కాస్తా 210 అయి, ఫ్లట్టర్ మేన్ కంటే ముందు కదులుతుంది. వేగంలో పెట్టవలసిన 252 ఈవీలను హెచ్‌పీ (ప్రాణశక్తి)లోనూ దాడిలోనూ పెట్టుకోగలగడం వల్ల, అదే రిల్లాబూమ్ మరో దెబ్బను తట్టుకుని నిలబడుతుంది. టెయిల్‌విండ్ వల్ల కలిగే అసలు లాభం ఇదేనని నేను నమ్ముతాను. జట్టంతటినీ వేగం కోసం పీల్చిపిప్పి చేయనవసరం లేకుండా, ఒక్క పోకెమాన్ మిగతావారి భారాన్ని మోస్తుంది.

ఆ ఒక్కటిగా ఎక్కువమంది ఎంచుకునేది విమ్సికాట్‌ను. దాని ప్రాంక్‌స్టర్ ఎబిలిటీ (పోకెమాన్‌కు సహజంగా ఉండే శక్తి) వల్ల టెయిల్‌విండ్‌కు ఒక మెట్టు ప్రయారిటీ, అంటే వేగంతో పని లేకుండా ముందు కదిలే హక్కు, దొరుకుతుంది కనుక, అది మామూలు దాడులన్నింటికంటే ముందే పడుతుంది. పైగా 2019 నాటి స్వోర్డ్, షీల్డ్ ఆటల నుంచి వేగంలో వచ్చిన మార్పు అదే టర్న్‌లో అమలవుతోంది. విమ్సికాట్ గాలి వీయించగానే పక్కనున్న భాగస్వామి ఆ క్షణం నుంచే రెట్టింపు వేగంతో కదులుతుంది. అంటే టెయిల్‌విండ్ వేసిన టర్న్ కూడా వృథా కాదు.

అయితే ఈ గాలి వేసిన టర్న్‌తో కలిపి 4 టర్న్‌లే వీస్తుంది, అనుభవం ఉన్న ప్రత్యర్థి వాటిని మన కళ్ల ముందే కరిగించేస్తాడు. ఒక టర్న్‌లో ఒక పోకెమాన్‌తో, ఆ టర్న్‌కు దెబ్బలను ఆపే ప్రొటెక్ట్ మూవ్ వాడి, తర్వాతి టర్న్‌లో రెండో దానితో ప్రొటెక్ట్ వాడి, మధ్యలో తట్టుకోగలిగిన పోకెమాన్‌ను మార్చి తెచ్చుకుంటే, మనకు నికరంగా మిగిలే దాడులు చాలా తక్కువ. రెండో ఇబ్బంది బూస్టర్ ఎనర్జీ. ఆ ఐటమ్ పట్టుకున్న ఫ్లట్టర్ మేన్ వేగం ఒకటిన్నర రెట్లయి 307కు చేరుతుంది. రిల్లాబూమ్‌కు వేగంలో పెట్టగలిగినదంతా పెట్టినా 150 దాటదు, టెయిల్‌విండ్‌లో 300 దాటదు. అలాంటి ప్రత్యర్థి ఎదుట టెయిల్‌విండ్ కొంత ఊరటనిస్తుందే గానీ పూర్తి రక్షణ ఇవ్వదు.

ట్రిక్ రూమ్‌కు ఆ బాధ లేదు. అక్కడ 307 వేగమే ప్రత్యర్థికి శాపమవుతుంది. టోర్కోల్‌ను చూడండి. వేగానికి ఐవీ (ఒక్కో పోకెమాన్‌కు విడిగా పుట్టుకతో వచ్చే అంకె) సున్నాగా ఉండి, వేగాన్ని తగ్గించే నేచర్ కూడా ఉంటే దాని వేగం 22. మామూలుగా అది అందరికంటే చివర కదులుతుంది కనుక, ఇరప్షన్ అనే నిప్పు దాడి వాడేసరికే దెబ్బలు తిని ఉంటుంది. మిగిలిన హెచ్‌పీని బట్టి బలం మారే ఆ మూవ్ అప్పుడు నీరుగారిపోతుంది. ట్రిక్ రూమ్‌లో అదే టోర్కోల్ అందరికంటే ముందు, నిండు హెచ్‌పీతో, 150 బలం ఉన్న ఇరప్షన్‌ను తన ఎబిలిటీ తెచ్చే ఎండ తోడుగా ఇద్దరి మీదా కురిపిస్తుంది. ఇద్దరికీ తగిలే దాడి కావడం వల్ల బలంలో నాలుగో వంతు తగ్గినా, ఎండలో నిప్పు దాడులకు వచ్చే ఒకటిన్నర రెట్లు ఆ లోటును పూడ్చి ఇంకా మిగులుతాయి. ఇద్దరికీ తగిలే దాడులను ఆపే వైడ్ గార్డ్ గానీ ప్రొటెక్ట్ గానీ వాడకపోతే దాన్ని భరించగలిగేవి కొన్నే ఉంటాయి.

చిక్కంతా ఆ రూమ్‌ను వేయడంలోనే ఉంది. ట్రిక్ రూమ్ ప్రయారిటీ మైనస్ ఏడు. అంటే ఆ టర్న్‌లో ప్రత్యర్థి ఇద్దరూ తమ పని ముగించుకున్నాకే అది పడుతుంది. ఈలోగా దాడి కాని మూవ్‌లను అడ్డుకునే టాంట్ వాడవచ్చు, ఫేక్ అవుట్‌తో ఉలికిపడి ఆ టర్న్ కోల్పోయేలా చేయవచ్చు, ఇద్దరూ కలిసి పడగొట్టవచ్చు. అందుకే రూమ్ వేసే పోకెమాన్‌కు కాపలా కావాలి. ఎదుటివారి దెబ్బలను తన వైపు లాక్కునే ఫాలో మీ వంటి మూవ్ ఎంత పని చేయగలదో 2014లో వాషింగ్టన్ డీసీలో జరిగిన ప్రపంచ పోటీలో లోకమంతా చూసింది. దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పాక్ ఎవరూ లెక్కచేయని పచిరిసుతో దెబ్బలను తన వైపు తిప్పుకుని, పక్కనున్న భాగస్వామిని కాచుకుంటూ టైటిల్ గెలిచాడు. రూమ్ జట్లలో ఆ కాపలా పనిని ఆడ ఇండీడీ, అమూంగస్ చేస్తుంటాయి.

స్కార్లెట్, వయొలెట్‌లో వచ్చిన ఫారిగిరాఫ్ ఈ చిక్కును చాలావరకు విప్పింది. దాని ఆర్మర్ టెయిల్ ఎబిలిటీ, తన మీదకు గానీ భాగస్వామి మీదకు గానీ వచ్చే ప్రయారిటీ మూవ్‌లను అడ్డుకుంటుంది. ఒక ఆరంభాన్ని దగ్గరగా చూద్దాం. మన వైపు ఫారిగిరాఫ్, అర్సలూనా. ఎదుట విమ్సికాట్, ఫ్లట్టర్ మేన్. విమ్సికాట్ టాంట్ వాడితే, ప్రాంక్‌స్టర్ వల్ల దానికి ప్రయారిటీ ఉంటుంది కనుక ఆర్మర్ టెయిల్ దాన్ని ఆపేస్తుంది. ముందటి మూవ్‌నే మళ్లీ వాడేలా చేసే ఎన్‌కోర్‌కూ అదే గతి. ఫ్లట్టర్ మేన్ ఘోస్ట్ టైప్ దాడి అయిన షాడో బాల్ విసిరితే ఫారిగిరాఫ్‌లోని నార్మల్ టైప్ వల్ల అది తగలదు. మూన్‌బ్లాస్ట్ తగులుతుంది, కానీ హెచ్‌పీలో ఈవీలు పోసిన ఫారిగిరాఫ్ ఒక్క మూన్‌బ్లాస్ట్‌కు పడిపోదు. ఇక విమ్సికాట్‌కు మిగిలిన సహజమైన ఎంపిక టెయిల్‌విండ్. అది తన పక్షం మీద వాడుకునే మూవ్ కనుక ఆర్మర్ టెయిల్ ఆపలేదు. టర్న్ చివర ట్రిక్ రూమ్ పడుతుంది, ఇప్పుడు రెట్టింపైన ఆ వేగమే వారిని చివరికి నెట్టేస్తుంది. టెయిల్‌విండ్ నాలుగో టర్న్ చివర ఆగిపోతుంది, 5 టర్న్‌ల రూమ్ ఐదో టర్న్ చివరిదాకా నిలుస్తుంది. ముఖాముఖిగా తలపడినప్పుడు రూమ్‌దే పైచేయి.

ఇదే పనికి ఇండీడీని వాడేవారు ఒక తేడాను గుర్తుంచుకోవాలి. అది పరిచే సైకిక్ టెర్రెయిన్, నేల మీద ఉన్నవారి మీదకు వచ్చే ప్రయారిటీ మూవ్‌లను ఎవరు వాడినా అడ్డుకుంటుంది. మన ఇన్సినరోర్ ఫేక్ అవుట్ కూడా అందులో చిక్కుకుంటుంది. ఆర్మర్ టెయిల్ ఆపేది ఎదుటివారి మూవ్‌లను మాత్రమే.

ఇంత చెప్పాక కూడా, మొదటి జట్టును పూర్తిగా ట్రిక్ రూమ్ మీద నిలబెట్టమని నేను సలహా ఇవ్వను. కారణం ఆరో టర్న్. గాలి ఆగిపోయాక టెయిల్‌విండ్ జట్టులోని పోకెమాన్‌లు తమ మామూలు వేగానికి వస్తాయి, ఇంకా పోరాడగలిగే స్థితిలోనే ఉంటాయి. రూమ్ మూసుకున్నాక 22 వేగం ఉన్న టోర్కోల్, 49 వేగం ఉన్న అర్సలూనా దెబ్బ కొట్టడానికి ముందే దెబ్బ తింటూ నిలబడవలసి వస్తుంది. రూమ్‌ను మళ్లీ వేయడానికి ఫారిగిరాఫ్ బతికి ఉండాలి, ఇంకో టర్న్ ఖర్చు కావాలి. పైగా ప్రత్యర్థి దగ్గర కూడా ట్రిక్ రూమ్ ఉంటే, రెండోసారి వేసి దాన్ని రద్దు చేయగలడు. తన దగ్గరున్న మూవ్‌లను మనం వాడకుండా చేసే ఇంప్రిజన్ కూడా ఉంటే మనం వేయకుండానే ఆపగలడు. స్కార్లెట్, వయొలెట్ పెద్ద పోటీల్లో జట్టు వివరాల పత్రాలను ఆటకు ముందే ఇచ్చిపుచ్చుకుంటారు. అందులో మూవ్‌లు, ఐటమ్‌లు, ఎబిలిటీలు, టెరా టైప్‌లు (పోరు మధ్యలో పోకెమాన్ మారగలిగే టైప్‌లు) కనిపిస్తాయి, ఈవీలు మాత్రం కనిపించవు. ట్రిక్ రూమ్‌తో ఎవరినీ ఆశ్చర్యపరచే అవకాశం అక్కడ లేదు, మన రిల్లాబూమ్ వేగం ఎంతో మాత్రం వారు ఊహించుకోవలసిందే. టెయిల్‌విండ్ జట్టుకు కలిసివచ్చే విషయాల్లో ఇది చిన్నది కాదు.

మూడో దారిగా ఐసీ విండ్‌ను కూడా చెప్పుకోవాలి. దాని బలం 55 మాత్రమే, అయినా ఎదుటి ఇద్దరినీ తాకి ఇద్దరి వేగాన్నీ ఒక మెట్టు దించుతుంది. దాడి కనుక టాంట్‌తో ఆపలేరు, విమ్సికాట్ పట్టుకున్న, నిండు హెచ్‌పీ నుంచి ఒక్క దెబ్బకు పడిపోకుండా కాపాడే ఫోకస్ శాష్‌ను కూడా ఇది విరగ్గొడుతుంది. కానీ పోకెమాన్‌ను మార్చుకోగానే తగ్గిన వేగం తిరిగి వచ్చేస్తుంది, తన గుణాలను ఎదుటివారు తగ్గిస్తే దాడి పెరిగే డిఫయంట్ ఎబిలిటీ ఉన్న కింగ్యాంబిట్ ఎదుట వాడితే దాని దాడి బలాన్ని మన చేతులతో మనమే పెంచినట్లవుతుంది. టెయిల్‌విండ్‌కు తోడుగా ఒక మూవ్ గడిలో ఉంచుకోవడానికి ఇది మంచిదే. జట్టంతా దీని మీదే ఆధారపడితే బరువు మోయలేదు.

నా తీర్పు టెయిల్‌విండ్ వైపే, అయితే ఒక షరతుతో. గాలి ఉన్నప్పుడే బతకగలిగే జట్టును కాకుండా, రూమ్‌లో కూడా నిలబడగలిగే నడిమి వేగం వారితో జట్టు కట్టాలి. అటూ ఇటూ రెండూ కావాలని విమ్సికాట్, ఫ్లట్టర్ మేన్‌లతో పాటు టోర్కోల్, అమూంగస్‌లను ఒకే జట్టులో కుక్కితే, నాలుగింటిని ఎంచుకునే వేళ రెంటికీ చెడ్డ రేవడి అవుతాము. అలా కాకుండా వేగంలో ఈవీలు పెట్టని రిల్లాబూమ్ 105తో, ఇన్సినరోర్ 80తో ఉంటే, టెయిల్‌విండ్‌లో అవి 210, 160 అవుతాయి. ట్రిక్ రూమ్‌లో ఫ్లట్టర్ మేన్, విమ్సికాట్ వంటి వేగవంతుల కంటే ముందు కదులుతాయి. ఈ ఇద్దరి పక్కన విమ్సికాట్, ఫారిగిరాఫ్ రెండూ ఇమిడిపోతాయి. బూస్టర్ ఎనర్జీ పట్టుకున్న ఫ్లట్టర్ మేన్ ఎదుట కనబడితే ఫారిగిరాఫ్‌ను తీసుకువెళ్లాలి. టోర్కోల్ వంటి నెమ్మది జట్టు కనబడితే విమ్సికాట్‌ను ఇంట్లో వదిలి, ఫారిగిరాఫ్‌తో వారి రూమ్‌ను రద్దు చేసేందుకు సిద్ధంగా ఉండాలి. మిగతా మ్యాచ్‌లలో విమ్సికాట్‌తోనే మొదలుపెట్టవచ్చు.

పూర్తి ట్రిక్ రూమ్ జట్టు ఎవరికి నప్పుతుందంటే, టర్న్‌లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఆడగలిగేవారికి, రూమ్‌ను ఏ టర్న్‌లో ముగియనివ్వాలో ముందే ఆలోచించగలిగేవారికి. అటువంటి జట్టుకు వేగం ఐవీ సున్నాగా ఉన్న పోకెమాన్‌లు కావాలి. హైపర్ ట్రైనింగ్ ఐవీలను పెంచుతుందే గానీ తగ్గించదు కనుక, పట్టుకోవడంలోనో గుడ్లు పొదిగించడంలోనో ఓపిక ఖర్చవుతుంది. అంత సమయం పెట్టే ముందు ఉచితంగా దొరికే పోకెమాన్ షోడౌన్ అనే పోరాట సిమ్యులేటర్‌లో రెండు జట్లనూ ఆడి చూసుకోవడం మంచిది. ఆడేటప్పుడు గెలుపోటములతో పాటు, ఐదో టర్న్ దాటాక బరిలో మన తరఫున ఎవరు మిగిలారో, వారి వేగం అప్పుడు పనికొచ్చిందో లేదో ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్తే, మన చేతికి ఏ జట్టు ఒదుగుతుందో ఆ కాగితమే చూపిస్తుంది.