బయోఫైర్ ఫిల్మ్‌అరే జీఐ ప్యానెల్: కల్చర్‌కు తోడా, ప్రత్యామ్నాయమా?

విరేచనాలకు కారణమైన క్రిమిని కనిపెట్టడానికి ప్రయోగశాలలు చాలాకాలంగా మలాన్ని మైక్రోస్కోపు కింద పరిశీలించడం, ప్లేటు మీద కల్చర్ చేయడం (అంటే క్రిమిని పెంచి చూడటం) అనే రెండు పద్ధతులనే నమ్ముకున్నాయి. వీటికి భిన్నంగా క్రిముల జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష బయోఫైర్ ఫిల్మ్‌అరే జీఐ (జీర్ణకోశ) ప్యానెల్. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఈ ప్యానెల్‌లో, నమూనాను భద్రపరిచే కేరీ-బ్లెయిర్ ద్రావణంలో కలిపిన మలాన్ని పౌచ్‌లోకి (పరీక్షా సంచిలోకి) ఎక్కించి యంత్రంలో పెడితే, జన్యుపదార్థాన్ని వెలికితీయడం మొదలు దాన్ని అనేక రెట్లు పెంచి గుర్తించే పీసీఆర్ ముగిసేదాకా అంతా దానంతటదే జరిగిపోయి, సుమారు గంటలో 13 బ్యాక్టీరియా, 5 వైరస్, 4 పరాన్నజీవి లక్ష్యాలకు, అంటే మొత్తం 22 లక్ష్యాలకు ఫలితం వస్తుంది.

కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుందన్నది నిజమే గానీ, ఈ ప్యానెల్ గొప్పతనం వేగంలో కన్నా పాత పద్ధతుల కంటికి ఆననివాటిని పట్టుకోవడంలోనే ఎక్కువగా ఉంది. నోరోవైరస్ ప్లేటు మీద పెరగదు, వ్యాధికారక ఈ.కోలై రకాలలో చాలావాటిని పేగులో సహజంగా ఉండే ఈ.కోలై నుంచి మామూలు కల్చర్ వేరు చేయలేదు. నమూనా చేరడం ఆలస్యమైతే రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా బ్యాక్టీరియా దారిలోనే చనిపోతుంది. రక్తకణాలను మింగిన అమీబా కనబడితే తప్ప, హాని చేసే ఎంటమీబా హిస్టోలిటికాకూ హాని చేయని డిస్పార్‌కూ మైక్రోస్కోపులో తేడా తెలియదు. షిగా టాక్సిన్ ఉత్పత్తి చేసే ఈ.కోలై విషయంలో కొన్ని యాంటీబయాటిక్స్ మూత్రపిండాలను దెబ్బతీసే ఉపద్రవానికి దారితీయవచ్చన్న భయం ఉంది కనుక, ఆ సమాచారం మందు మొదలుపెట్టకముందే అందడం చిన్న మేలు కాదు.

అయితే యంత్రం చూసేది జన్యుపదార్థాన్నే గానీ బతికున్న క్రిమిని కాదు. జబ్బు తగ్గిన వారాల తరువాత కూడా నోరోవైరస్ పాజిటివ్ రావచ్చు, ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల మలంలోనూ క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిలే అనే బ్యాక్టీరియా కనబడవచ్చు. ఒకే నివేదికలో మూడు పేర్లు వచ్చినప్పుడు అసలు దోషి ఎవరో తేల్చవలసింది వైద్యుడే, ఆ భారం నివేదిక చదివేదాకా ఎవరికీ గుర్తురాదు. ఇక షిగెల్లా ఏ మందుకు లొంగుతుందో ప్యానెల్ చెప్పదు. మందులకు లొంగని రకాలు పెరుగుతున్న ఈ కాలంలో ఇది నా దృష్టిలో దీని అతి పెద్ద లోటు. ఏలికపాములు, కొంకిపురుగులు దీని జాబితాలోనే లేవు, వాటికి మైక్రోస్కోపే దిక్కు.

రక్తవిరేచనాలు, తీవ్ర జ్వరం ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఈ పరీక్షను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఓఆర్ఎస్‌తో రెండు రోజుల్లో సర్దుకునే విరేచనాలకు మాత్రం ఇది అనవసరపు ఆర్భాటం. కొనే ప్రయోగశాలలు కల్చర్ విభాగాన్ని మూసివేయకూడదు: కేరీ-బ్లెయిర్ ద్రావణం బ్యాక్టీరియాను బతికి ఉంచుతుంది కనుక, సాల్మొనెల్లా గానీ షిగెల్లా గానీ పాజిటివ్ వచ్చిన వెంటనే అదే సీసాలో మిగిలినదాన్ని కల్చర్‌కు పంపవచ్చు. పురుగుల పరీక్ష కోసం ఫార్మలిన్‌లో వేసిన నమూనా ప్యానెల్‌కూ కల్చర్‌కూ పనికిరాదు కాబట్టి, పురుగుల అనుమానం కూడా ఉంటే సేకరించేటప్పుడే వేరొక సీసా తీసుకోవాలి.