పచ్‌మఢీ స్కౌట్ కోర్సు: లాడ్జిలో ఒక రాత్రి, టెంటులో ఆరు రాత్రులు

స్కౌట్ మాస్టర్ల కోర్సు కోసం మధ్యప్రదేశ్‌లోని కొండ ఊరు పచ్‌మఢీ వెళ్లే టీచర్లకు ముందుగా ఒక్క మాట. కొండ కింద పిపరియా స్టేషన్లో అర్ధరాత్రి రైలు దిగితే, ఫోన్లో చెప్పిన రేటు నమ్మి లాడ్జికి మాత్రం వెళ్లకండి. మేం వెళ్లాం. ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ కోపమొస్తుంది.

మేం ముగ్గురం. నేను, మా మండలంలోనే ఇంకో హైస్కూల్లో పనిచేసే పీఈటీ, సోషల్ చెప్పే పెద్ద సార్. పెద్ద సార్‌కు 54 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు మేం మన దగ్గరే పూర్తి చేశాం. తర్వాతది హిమాలయా వుడ్ బ్యాడ్జ్, స్కౌట్ మాస్టర్ల శిక్షణలో పై మెట్టు, ఏడు రోజుల కోర్సు. మాకు అవకాశం పచ్‌మఢీలోని భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జాతీయ శిక్షణ కేంద్రంలో వచ్చింది. నవంబర్ ఆఖరు. ఓడీ (ఆన్ డ్యూటీ) ఆర్డర్ చేతికొచ్చింది బయలుదేరే ముందురోజు సాయంత్రమే. పొద్దున కాజీపేటలో రైలెక్కి, రాత్రికి ఇటార్సీలో దిగి, అక్కడి నుంచి జబల్‌పూర్ వైపు వెళ్లే రైలు పట్టుకుని పిపరియా చేరాం. ప్రయాణం బాగానే సాగింది.

పీఈటీ ముందే ఫోన్ చేసి లాడ్జి మాట్లాడాడు. ముగ్గురికి 800 అన్నారు. తీరా వెళ్లాక కౌంటర్ దగ్గరున్నాయన 800 ఇద్దరికే అన్నాడు, మళ్లీ ఆ గది కూడా నిండిపోయిందన్నాడు. చివరికి 1,200 గది, మూడో మనిషికి పరుపు 300. బయట చలి, పెద్ద సార్ మెట్ల మీద కూలబడ్డారు, ఇంక బేరమాడే ఓపిక ఎవరికీ లేదు. డబ్బులు కట్టాం. గదిలో కిటికీ అద్దం ఒకటి పగిలిపోయి ఉంటే అట్టముక్క అడ్డం పెట్టారు. దుప్పట్లు తడిసి ఆరినట్టు వాసన. మూడో పరుపు అన్నది పరుపే కాదు, మడతపెట్టిన రగ్గు. అది నేను తీసుకున్నా. పెద్ద సార్ కాళ్లు చాపుకుంటే మంచం కిర్రుమంటోంది, ఆయన పడుకోవడం మానేసి గోడకు ఆనుకుని శాలువా కప్పుకుని కూర్చున్నారు. "కూర్చుంటేనే నయంగా ఉంది, మీరు పడుకోండి" అన్నారు. ఆ మాటతో పీఈటీకి ఇంకా కోపం వచ్చింది, కిందికెళ్లి గొడవ పెట్టుకుని వచ్చాడు. గొడవతో ఒరిగిందేమీ లేదు.

పొద్దున వేడినీళ్లు బకెట్‌కు 40. మూడు బకెట్లకు 120. ఇరవై నాలుగ్గంటల గది అని చెప్పినవాళ్లే తొమ్మిదింటికి తలుపు బాదారు. మొత్తం 1,620 రూపాయలు, నిద్ర సున్నా. డబ్బు పోవడం కన్నా నాకు బాధనిపించింది పెద్ద సార్ మాట: "నేను ఇక్కణ్నుంచే వెనక్కి పోతా తమ్మీ. ఈ మోకాళ్లతో టెంటులో పడుకోవడం నావల్ల కాదు." ఆయన్ను ఒప్పించడానికి టీ కొట్టు దగ్గర అరగంట పట్టింది.

జీపు సంగతి కూడా చెప్పేస్తాను. పిపరియా నుంచి పచ్‌మఢీ 50 కిలోమీటర్లకు పైనే. సీటుకు 150 అని ఎక్కించుకుని, కదిలాక సామానుకు మనిషికి మరో 100 అడిగాడు. ముగ్గురికీ కలిపి 750. వెనక సీట్లలో మోకాలికి మోకాలు తగిలేలా కుక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వచ్చాం, మనిషికి 90. సామాను పైన వేశారు, ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. పైగా దారిలో మట్కులీ అనే ఊరు దాటాక ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సే నిదానంగా పోతుంది. బస్సు కోసం గంట ఆగాల్సొచ్చినా ఆగండి.

కేంద్రం గేటు దగ్గర యూనిఫాంలో ఉన్న ఒకాయన ఎదురొచ్చి ఎడమచెయ్యి అందించారు. స్కౌట్ల పద్ధతి అది, కరచాలనం ఎడమచేత్తోనే. తర్వాత పెద్ద సార్ సంచీ అడక్కుండా భుజానికెత్తుకుని నడిచారు. ఆయన మెడలో తోలుతాడుకు నాలుగు చెక్కపూసలు వేలాడుతున్నాయి. నాలుగు పూసలంటే లీడర్ ట్రైనర్, స్కౌట్ మాస్టర్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. మమ్మల్ని ఏడు రోజులూ నడిపించబోయే మనిషి మా సంచీ మోస్తున్నారన్నది రిజిస్ట్రేషన్ దగ్గర కూర్చున్నాక గానీ మాకు తెలియలేదు. రాత్రి లాడ్జి మనిషి ముఖం, పొద్దున ఈయన ముఖం, నాకు రెండూ పక్కపక్కనే గుర్తుండిపోయాయి.

మమ్మల్ని ఎనిమిదేసి మందిగా ప్యాట్రోల్స్, అంటే చిన్న జట్లు, చేశారు. ముగ్గురినీ విడదీశారు. మొదట అది నచ్చలేదు, సాయంత్రానికి ఎందుకు చేశారో అర్థమైంది. నా ప్యాట్రోల్‌లో కేరళ నుంచి ఇద్దరు, ఒడిశా, అస్సాం, ఉత్తరప్రదేశ్ వాళ్లు. నా హిందీ అంతంత మాత్రం, కేరళ సార్లది అంతకన్నా తక్కువ. అయినా గుడారం తాళ్లు బిగించడానికి భాష అక్కర్లేకపోయింది. 1907లో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో 20 మంది పిల్లలతో మొదటి క్యాంపు పెట్టినప్పుడు వాళ్లను నాలుగు ప్యాట్రోల్స్‌గా విడగొట్టాడు, అందులో పెద్దింటి పిల్లలూ ఉన్నారు, పనివాళ్ల పిల్లలూ ఉన్నారు. ఇది నేను మా పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. నేనే ఒక ప్యాట్రోల్‌లో ఉండి, అస్సాం సార్ వండింది తిని, యూపీ సార్ విజిల్‌కు లేచి పరిగెత్తాక గానీ ఆ పద్ధతిలో బలం ఏమిటో తెలియలేదు. ప్యాట్రోల్ లీడర్ రోజుకొకరు మారతారు. నిన్న ఆజ్ఞ ఇచ్చినవాడు ఈరోజు గిన్నెలు తోముతాడు.

పొద్దున ఐదింటికి విజిల్. నీళ్లు మంచులా ఉంటాయి, కొండమీద నవంబర్ ఆఖరంటే అంతే, ఎవరినీ అనాల్సిన పని లేదు. బీపీ సిక్స్ (బేడెన్ పావెల్ చెప్పిన ఆరు వ్యాయామాలు), గుడారం తనిఖీ, ప్రార్థన, జెండా, తర్వాత క్లాసులు. ప్రథమ చికిత్స, మ్యాపు, కంపాస్, అంచనాలు వేయడం. ఇవన్నీ బాగా చెప్పారు. తనిఖీలో బూట్ల లేసులు కూడా చూస్తారు. మూడో రోజు మా గుడారం వెనక ఒక అగ్గిపుల్ల దొరికింది, మార్కులు పోయాయి. ఆ రోజంతా మా ప్యాట్రోల్‌లో ఎవరికీ మనసు మనసులో లేదు. పెద్దవాళ్లం, జీతగాళ్లం, పెళ్లీడు పిల్లలున్నవాళ్లం, ఒక అగ్గిపుల్లకు అంత బాధపడ్డాం.

నాకు జీవితాంతం గుర్తుండేది రెండో రోజు సాయంత్రం. ప్యాట్రోల్ కార్నర్‌లో వెదుళ్లతో చేతులు కడుక్కునే స్టాండ్ కట్టాలి. మూడు వెదుళ్లకు ఫిగర్ ఆఫ్ ఎయిట్ లాషింగ్ (కర్రలను తాడుతో బిగించే కట్టు) వేసి ట్రైపాడ్ నిలబెట్టాం. కింద అడ్డకర్రలకు స్క్వేర్ లాషింగ్. ఒక మూల నేను కట్టాను. పిల్లలకు ఆరేళ్లుగా నేర్పిస్తున్న ముడి అది. ట్రైనర్ వచ్చి, ఏమీ అనకుండా నీళ్లు నిండిన బకెట్ తెచ్చి అడ్డకర్ర మీద పెట్టారు. నేను కట్టిన మూల మెల్లగా జారింది. బకెట్ పట్టుకుని పక్కన పెట్టారు, నా తాడు మొత్తం విప్పి, చుట్టచుట్టి, నా చేతికిచ్చి వెళ్లిపోయారు. ఒక్క మాట లేదు.

టీ విరామంలో మళ్లీ వచ్చి నా పక్కన నేలమీద కూర్చున్నారు. నిలువుకర్రకు, అడ్డకర్ర కింద, క్లోవ్ హిచ్ అనే ముడి వేయించారు. మూడు చుట్లు, ఒక్కో చుట్టు ముందుదానికి ఆనుకుని, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా. తర్వాత రెండు కర్రల మధ్య నుంచి ఫ్రాపింగ్ చుట్లు, కట్టును బిగించేవి. అక్కడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. నేను చుట్టు వేస్తున్నాను గానీ లాగడం లేదు. కాలు కర్రకు తన్నిపెట్టి, నడుము వెనక్కి వంచి లాగమన్నారు. తాడు కిచకిచమని శబ్దం చేసి వెదురులోకి దిగబడింది. మళ్లీ ఒకసారి. చివర అడ్డకర్రకు క్లోవ్ హిచ్. ఈసారి బకెట్ నేనే పెట్టాను. కదల్లేదు. ఆరేళ్లుగా మా పిల్లలు కట్టిన ముళ్లు జారినప్పుడల్లా నేను వాళ్లను కేకలేశాను. లాగడం నేను చూపించనే లేదు.

ట్రైనర్ మెడలోని పూసల కథ అక్కడ క్యాంప్‌ఫైర్ దగ్గర చెప్పారు. 1919 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని గిల్వెల్ పార్క్‌లో మొదటి వుడ్ బ్యాడ్జ్ కోర్సు జరిగింది. పూర్తి చేసినవాళ్లకు బేడెన్ పావెల్ తాను దక్షిణాఫ్రికా నుంచి తెచ్చుకున్న జులూ తెగవాళ్ల హారం ఒకదానిలోని చెక్కపూసలు ఇచ్చాడు. అందుకే ఈ రోజుకీ వుడ్ బ్యాడ్జ్ అంటే రెండు పూసలు. నిప్పు వెలుగులో ట్రైనర్ తన పూసలు చేత్తో పట్టుకుని చెబుతుంటే పెద్ద సార్ వైపు చూశాను. మోకాళ్ల మీద కండువా కప్పుకుని, కళ్లార్పకుండా వింటున్నారు. పిపరియాలో వెనక్కి పోతానన్న మనిషేనా అనిపించింది.

ఇక తిండి. మెస్‌లో రొట్టె, పప్పు, కూర, అన్నం. వేడిగా, కడుపునిండా పెట్టారు, పేరు పెట్టడానికి లేదు. కానీ అసలు విందు ఐదో రోజు హైక్ (కాలినడక యాత్ర)లో. గిన్నె, పళ్లెం ఏవీ వాడకుండా వండుకోవాలి. బంగాళాదుంపలకు తడిమట్టి మందంగా పూసి నిప్పుల్లో కప్పెట్టాం. ఉల్లిపాయ కోసి లోపలి పొరలు తీసేసి ఆ దొప్పలో గుడ్డు కొట్టి నిప్పుల మీద నిలబెట్టాం. పిండి తాడులా చేసి, బెరడు గీకిన పచ్చికర్రకు చుట్టి, తిప్పుతూ కాల్చాం. ముప్పావుగంట తర్వాత మట్టి ముద్ద పగలగొడితే తొక్క మట్టితోపాటే ఊడొచ్చింది, లోపల దుంప వెన్నలా ఉంది. నేను ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా తీశాను. ఒడిశా సార్ దుంపలో ఆవకాయ కలుపుకుని మొదటి ముద్ద తిని, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే రెండోసారి చెయ్యి చాపారు. సీసా ఆ మధ్యాహ్నమే ఖాళీ. మోదుగాకుల్లో తిన్న ఆ భోజనానికి ఏ హోటలూ సాటిరాదు.

పీఈటీ మాత్రం మొదటి మూడు రోజులు ముభావంగానే ఉన్నాడు. ఆటలన్నీ తనకు వచ్చినవే అన్నట్టుండేవాడు. నాలుగో రోజు తను ప్యాట్రోల్ లీడర్. వంటకు కట్టెలు తడిసిపోయి ప్యాట్రోల్‌కు టీ లేటైంది. కోర్ట్ ఆఫ్ ఆనర్ (ప్యాట్రోల్ లీడర్ల సమావేశం)లో లేచి నిలబడి, తప్పు నాదే, రాత్రి కట్టెలు కప్పలేదు అని ఒప్పుకున్నాడట. ఆ రాత్రి మా గుడారానికి వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు, క్యాంప్‌ఫైర్‌లో కోలాటం కూడా వేయించాడు.

కోర్సు అయ్యాక ఒక పూట ఊరు చూశాం. ముగ్గురికీ కలిపి జిప్సీ జీపుకు 1,500. ధూప్‌గఢ్ కొండ ఎక్కండి. 1,352 మీటర్లు, మధ్యప్రదేశ్‌లో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. సూర్యాస్తమయం చూడాలంటే కనీసం ముప్పావుగంట ముందుండాలి, ఆలస్యమైతే జనం భుజాలే కనిపిస్తాయి. పాండవ గుహలకు అరగంట చాలు. చౌరాగఢ్ కొండ గుడి మెట్లు పెద్ద సార్ కోసం మానుకున్నాం.

వెళ్లేవాళ్లు తప్పక తీసుకెళ్లాల్సినవి: సొంత దుప్పట్లు రెండు, టార్చ్, మఫ్లర్, రెండో జత బూట్లు, ఆవకాయ ఒక్కటి కాదు, రెండు సీసాలు. మూడు మీటర్ల తాడు ఒకటి జేబులోనే ఉంచుకోండి, ఖాళీ దొరికినప్పుడల్లా చెయ్యి ఆడాలి. హిందీ రాదని భయపడకండి. వయసైపోయిందని అసలే ఆగకండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మొదటి రోజే ట్రైనర్లకు చెప్పేయండి. మా పెద్ద సార్‌కు హైక్‌లో దగ్గరి దారి ఇచ్చి, మ్యాపు చదివే పని అప్పజెప్పారు.

తిరుగు ప్రయాణంలో పిపరియా చేరేసరికి రాత్రి తొమ్మిది. రైలుకు ఇంకా నాలుగు గంటలుంది. స్టేషన్ బయట ఒకతను గది కావాలా సార్ అంటూ వెంటపడ్డాడు. ఆగకుండా వెయిటింగ్ హాల్లోకి నడిచాం. పెద్ద సార్ బెంచీ మీద దుప్పటి పరిచి, సంచీ పట్టీని బెంచీ కాలికి క్లోవ్ హిచ్ వేసి కట్టి, గట్టిగా లాగి చూసుకుని, తలకింద కండువా పెట్టుకున్నారు. పది నిమిషాల్లో గురక. రైలొచ్చేదాకా లేపలేదు.