పాసడీనాలో గ్యాంబుల్ హౌస్, బంగళాల వీధులు

లాస్ ఏంజెలెస్‌లో ఉన్న పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులను మనవాళ్లు మాలిబు వేంకటేశ్వరస్వామి గుడికి, హాలీవుడ్‌కు, డిస్నీలాండ్‌కు తీసుకెళ్తారు. పాసడీనాకు కూడా ఒక రోజు కేటాయించమని నేను గట్టిగా చెబుతాను. చెక్కపని మీద మనసున్నవాళ్లయితే హాలీవుడ్‌ను వదులుకున్నా ఫరవాలేదు.

అక్కడి గ్యాంబుల్ హౌస్‌ను 1908లో చార్లెస్ గ్రీన్, హెన్రీ గ్రీన్ అనే అన్నదమ్ములు రూపొందించారు. సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కుటుంబానికి చెందిన డేవిడ్, మేరీ దంపతులు సిన్సినాటి చలి నుంచి తప్పించుకోవడానికి కట్టించుకున్న విడిది ఇది. వాకిట్లోనే కాళ్లు ఆగిపోతాయి. తలుపుల వెడల్పునా రంగుటద్దాలలో ఒక ఓక్ చెట్టు కొమ్మలు చాచి ఉంటుంది. దాని అందం లోపలికి వెళ్లి, వెలుతురుకు ఎదురుగా నిలబడి చూస్తేనే తెలుస్తుంది. హాలు నిండా టేకు. దూలాల అంచులు, మెట్ల పక్క కమ్మీలు అన్నీ నునుపుగా గుండ్రం తీసినవే. అతుకులను దాచిపెట్టకుండా, అవే అలంకారమన్నట్టు బయటికి కనిపించేలా పేర్చారు. జపాన్ వడ్రంగం ప్రభావం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పై అంతస్తులో పడకగదులను ఆనుకుని ఆరుబయట నిద్రించే వరండాలున్నాయి. వేసవిలో డాబా మీద పక్కలు వేసుకున్నవాళ్లకు వాటి సుఖం విడమరచి చెప్పనక్కర్లేదు.

మా బృందాన్ని తిప్పి చూపించిన ఆవిడ చెప్పిన ఒక సంగతి నన్ను వెంటాడింది. 1940లలో ఇల్లు అమ్మాలనుకున్నప్పుడు, కొనడానికి వచ్చినవాళ్లు లోపలి చెక్కకు తెల్లరంగు వేయిస్తామన్నారట. అది విని కుటుంబం అమ్మకమే మానుకుంది. 1966లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో కలిసి ఒప్పందం చేసుకుని ఇంటిని నగరానికి ఇచ్చేసింది. అంత టేకు మీద తెల్లరంగు! తలచుకుంటేనే గుండె గుభేలుమంటుంది.

టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లుంటే ఆ సంగతి ముందుగానే అడిగి తెలుసుకోండి. కారు షెడ్డులో నడిపే పుస్తకాల దుకాణానికి కొంత సమయం మిగుల్చుకోవాలి.

సంపన్నుల ఇల్లు ఒక్కటే చూసి తిరిగి వస్తే సగమే చూసినట్టు. బంగళా హెవెన్ (Bungalow Heaven) అనే పేట వీధుల్లో కూడా నడవాలి. ఇక్కడ బంగళా అంటే పెద్ద భవంతి కాదు, చిన్న ఇల్లే. 1900 నుంచి 1930 దాకా సామాన్య కుటుంబాలు కట్టుకున్న చిన్న ఇళ్లు ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. వాటిని పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టడం మొదలైతే స్థానికులు కలిసి అడ్డుపడ్డారు. 1989లో నగరం ఈ పేటను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అన్నిటా జనం కాపురముంటున్నారు కాబట్టి కాలిబాట మీద నుంచే చూడాలి. ఏప్రిల్‌లో జరిగే వార్షిక సందర్శనలో కొన్నింటి లోపలికి వెళ్లవచ్చు. పక్కనున్న ఆల్టడీనాలో ఈ కాలపు ఇళ్లు ఎన్నో 2025 జనవరి కార్చిచ్చులో బూడిదయ్యాయి. అది తెలిసి నడుస్తుంటే ప్రతి వరండా దగ్గరా కాసేపు నిలబడాలనిపించింది.

మేము బస చేసింది కూడా ఒక పాత బంగళాలోనే. వంటగది ఇరుకు, నేల కిర్రుమంటుంది, వీధి చప్పుడు కిటికీల్లోంచి నేరుగా వినిపిస్తుంది. అయినా ఉదయం వరండాలో కాఫీ తాగుతూ కూర్చున్నాక హోటల్ గది గుర్తుకే రాలేదు. ఒక్క విషయంలో మాత్రం కోపం వచ్చింది. పాసడీనాలో అనుమతి లేకుండా రాత్రంతా వీధిలో కారు నిలపకూడదు. అద్దెకిచ్చినవాళ్లు ఆ మాటే చెప్పలేదు. గది తీసుకునే ముందు కారుకు చోటుందా అని తప్పక అడగండి.

ఇంకా సమయముంటే దగ్గర్లోని హంటింగ్టన్ లైబ్రరీకి వెళ్లండి. గ్రీన్ సోదరుల పనితనం అక్కడి గ్యాలరీలో మరింత తీరిగ్గా చూడవచ్చు. మంగళవారం మాత్రం సెలవు.