2023 మహిళల హ్యాండ్‌బాల్ ప్రపంచ చాంపియన్‌షిప్ సమీక్ష: మొదటి వారం పెద్ద జట్లను చూడకండి

2023 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 17 దాకా డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి నడిపిన ఈ పోటీల్లో నిజానికి రెండు టోర్నీలున్నాయి. గ్రూప్ దశ ఒకటి, ఆ తర్వాతిది ఇంకొకటి. రెండోదాని కోసం నిద్ర మానుకున్నా తప్పులేదు. మొదటి దాంట్లో మాత్రం ఏ మ్యాచ్ పెట్టుకోవాలో తెలియకపోతే రెండు రోజుల్లోనే విసుగొస్తుంది.

కారణం జట్ల సంఖ్య. 2021లో స్పెయిన్‌లో జరిగినప్పుడు జట్లను 24 నుంచి 32కి పెంచారు. ఇక్కడా అంతే: నాలుగేసి జట్లతో 8 గ్రూపులు, మొత్తం 48 మ్యాచ్‌లు. నలుగురిలో ముగ్గురు ముందుకు వెళ్తారు, ఒక్క జట్టే కింద మిగులుతుంది. అలాంటప్పుడు నార్వే లాంటి జట్టుకు గ్రూప్ దశలో భయం ఎందుకుంటుంది? మొదటి మ్యాచ్‌లోనే గ్రీన్‌లాండ్‌ను 43-11తో చితక్కొట్టింది. పదో నిమిషానికే ఫలితం తేలిపోయిన ఆటను ఇంకో 50 నిమిషాలు చూడాలంటే ఓపిక ఉండాలి.

ఇంకో తమాషా ఏమిటంటే ఆ 32 గోల్స్ తేడా నార్వేకు తర్వాత ఎందుకూ పనికిరాలేదు. గ్రూప్ దశ తర్వాత వచ్చే మెయిన్ రౌండ్‌కు వెళ్లేటప్పుడు, మీతోపాటు ముందుకు వచ్చిన రెండు జట్లపై సాధించిన ఫలితాలే వెంట వస్తాయి. నాలుగో స్థానంలో ఆగిపోయిన జట్టుతో ఆడిన మ్యాచ్ లెక్కలోంచి ఎగిరిపోతుంది. గ్రీన్‌లాండ్ గ్రూపులో ఆఖరున మిగిలింది కాబట్టి నార్వే ఆస్ట్రియా, దక్షిణ కొరియాలపై గెలిచిన నాలుగు పాయింట్లనే మోసుకెళ్లింది.

కానీ మూడో స్థానం కోసం కొట్టుకునే జట్లకు ఇదే దశ ప్రాణసంకటం. స్టవాంగర్‌లో ఆడిన గ్రూప్-డి చూడండి. ఫ్రాన్స్, స్లొవేనియా ముందుకు పోయాయి. మిగిలిన ఒక్క చోటు కోసం అంగోలా, ఐస్‌లాండ్ తలపడితే మ్యాచ్ 26-26తో సమమైంది. పాయింట్లు సమానం, ముఖాముఖి పోరు కూడా సమానం. అప్పుడు గ్రూపులోని మొత్తం గోల్స్ తేడా చూస్తారు. ఫ్రాన్స్ చేతిలో అంగోలా ఓడింది ఒకే ఒక్క గోల్ తేడాతో, 29-30. అదే ఫ్రాన్స్ ఐస్‌లాండ్‌ను 31-22తో ఓడించింది. నోటి దాకా వచ్చిన ముద్ద ఐస్‌లాండ్‌కు అక్కడే జారిపోయింది. ఓడిపోతున్న మ్యాచ్‌లో 55వ నిమిషంలోనూ కోచ్ టైమ్ అవుట్ తీసుకుని అరుస్తున్నాడంటే ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. ఓడినా రెండు గోల్స్ తగ్గించుకుంటే అది రేపటి టికెట్ కావచ్చు. కాబట్టి మొదటి వారం ఫేవరెట్లను వదిలేసి, గ్రూపులో మూడు, నాలుగు స్థానాల జట్లు ఎదురుపడే మ్యాచ్‌నే వెతికి చూడండి.

కింద మిగిలిన 8 జట్లకు ఫ్రెడరిక్స్‌హావ్న్‌లో ప్రెసిడెంట్స్ కప్ పెట్టారు. ఐస్‌లాండే గెలిచింది. గెలిచినా దాని ర్యాంకు 25. చిన్న జట్లకు అదనంగా మ్యాచ్‌లు దొరుకుతాయన్న మాట నిజమే. చూసేవాళ్లకు మాత్రం అది ఓదార్పు బహుమతిలా ఉంటుంది.

అసలు సరుకు మెయిన్ రౌండ్‌లో ఉంది. ఆరేసి జట్లతో నాలుగు గ్రూపులు. ప్రతి జట్టు కొత్తగా మూడు మ్యాచ్‌లు ఆడుతుంది, పై రెండు జట్లే క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తాయి. ఇక్కడ ఒక్క ఓటమి కూడా బరువే. ట్రాండ్‌హైమ్‌లో ఫ్రాన్స్ 24-23తో నార్వేను ఓడించిన మ్యాచ్ ఈ దశలోదే. వారం తిరిగేసరికి అదే రెండు జట్లు ఫైనల్లో ఎదురుపడ్డాయి.

కొత్తగా చూసేవాళ్లకు నాలుగు సంగతులు తెలిస్తే ఆట పట్టుబడుతుంది. కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. జట్టుకు ఏడుగురు, అరగంట చొప్పున రెండు భాగాలు. గోల్ ముందున్న ఆరు మీటర్ల గీత లోపల కీపర్ తప్ప ఇంకెవరూ కాలు మోపకూడదు, గాల్లోకి ఎగిరి కింద పడేలోపు విసరొచ్చు. రిఫరీ చెయ్యి పైకెత్తి ఉంచాడంటే దాడి చేసే జట్టు కాలయాపన చేస్తోందని హెచ్చరిక. అప్పటినుంచి నాలుగు పాస్‌లే మిగిలినట్టు. 2022 జులై దాకా ఇవి ఆరు. కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ చూసినవాళ్లకు ఈ ఒత్తిడి వేరే చెప్పక్కర్లేదు. మూడో పాస్ దగ్గరే చేతులు తడబడతాయి, నాలుగో దానికి సరైన కోణం లేకపోయినా విసరక తప్పదు.

రెండు నిమిషాల సస్పెన్షన్ పడినప్పుడు గోల్‌పోస్ట్ వైపు ఓ కన్నేసి ఉంచండి. ఒక మనిషి తక్కువైన జట్టు చాలాసార్లు దాడిలో కీపర్‌ను తీసేసి ఫీల్డ్ ప్లేయర్‌ను దించుతుంది. అందరూ ఉన్నప్పుడూ కొందరు కోచ్‌లు ఇదే పని చేసి ఆరుగురు డిఫెండర్లపై ఏడుగురితో దాడి చేస్తారు. బంతి పోయిందా, అవతలివాళ్లు తమ గోల్ దగ్గరి నుంచే ఖాళీ పోస్ట్‌లోకి విసిరేస్తారు. తప్పు ఎక్కువగా పాస్‌లో కాదు, మార్పిడిలో జరుగుతుంది. బయటికి వచ్చే ప్లేయర్ గీత దాటకముందే కీపర్ లోపలికి ఉరికితే అది తప్పుడు మార్పిడి, దానికి ఇంకో రెండు నిమిషాల శిక్ష. మూడు సస్పెన్షన్లు పడిన ప్లేయర్‌కు రెడ్ కార్డు.

బంతి గురించి ఒక మాట. మహిళల బంతి చుట్టుకొలత 54-56 సెంటీమీటర్లు, బరువు 325-375 గ్రాములు. తెలుగు టాలన్స్ ఆడిన ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్‌లో మీరు చూసింది పురుషుల బంతి, 58-60 సెంటీమీటర్లది. ప్రపంచ పోటీల్లో చేతులకు జిగురు రాసుకుంటారు. క్లోజప్‌లో గమనించండి, కొందరి బూటు మీద తెల్లటి ముద్ద ఉంటుంది. పరిగెడుతూనే వంగి రెండు వేళ్లు దానికి అద్దుకుంటారు. ఆ జిగురు వల్లే బంతి అరచేతికి అంటుకుంటుంది. వింగ్ ప్లేయర్ దాదాపు కోణమే లేని చోటి నుంచి మణికట్టు తిప్పి వదిలితే, నేలకు తగిలిన బంతి పక్కకు తిరిగి కీపర్ వెనక నుంచి లోపలికి పోతుంది. మన స్కూలు మైదానాల్లో సిమెంటు మీద జిగురు లేకుండా ఆడే పిల్లలు అదే షాట్ చేయబోతే బంతి చేతిలోంచి ముందే జారిపోతుంది. అది వాళ్ల తప్పు కాదు.

చూపించడంలో ఒక లోపం పంటి కింద రాయిలా తగులుతుంది. ఇప్పుడు గోల్ పడ్డాక మధ్యలో నాలుగు మీటర్ల వ్యాసమున్న వృత్తంలోంచి ఆట మళ్లీ మొదలవుతుంది, పాత పద్ధతిలో గీత మీద కదలకుండా నిలబడక్కర్లేదు. ఫ్రాన్స్ లాంటి జట్లు పరుగు ఆపకుండానే తిరిగి దాడికి దిగుతాయి. టీవీలో రీప్లే నడుస్తుండగానే ఇవతల బంతి మళ్లీ గోల్‌కు చేరిపోతుంది. స్కోరు మారాక గానీ చూసేవాళ్లకు తెలియదు.

ఈ టోర్నీలో ఒక్క మ్యాచే చూడాలంటే హెర్నింగ్‌లో జరిగిన నార్వే, డెన్మార్క్ సెమీఫైనల్. డెన్మార్క్ సొంత ప్రేక్షకుల మధ్య ఆడుతోంది, ఆట అదనపు సమయానికి వెళ్లింది. అంటే ఐదు నిమిషాల చొప్పున ఇంకో రెండు భాగాలు. చివరి క్షణాల్లో హెన్నీ రైస్టాడ్ వేసిన గోల్‌తో నార్వే 29-28తో గెలిచింది. ఆమె ఒక్కరే ఆ రోజు 15 గోల్స్ కొట్టింది. టోర్నీ అత్యుత్తమ క్రీడాకారిణి కూడా ఆమే.

రెండో సెమీస్‌లో ఫ్రాన్స్ 37-28తో స్వీడన్‌ను తేలిగ్గా దాటింది. ఒకరు 70 నిమిషాలు పీకల మీదకు తెచ్చుకుని, ఇంకొకరు చివర్లో బెంచిని వాడుకునే వీలుతో ఫైనల్‌కు వచ్చారు. మధ్యలో విరామం ఒక్క రోజే. 18 రోజుల్లో తొమ్మిదో మ్యాచ్ అది. ఫ్రాన్స్ 31-28తో గెలిచి 2003, 2017 తర్వాత మూడో టైటిల్ అందుకుంది. 2021 ఫైనల్లో ఇదే నార్వే చేతిలో 22-29తో ఓడిన బాకీ తీర్చుకుంది. మూడో స్థానం మ్యాచ్‌లో డెన్మార్క్ 28-27తో స్వీడన్‌ను ఓడించింది.

5-8 స్థానాల మ్యాచ్‌లను తేలిగ్గా తీసేయకండి. ప్రపంచ విజేతకు ఒలింపిక్స్ చోటు నేరుగా దక్కుతుంది. పారిస్‌కు ఆతిథ్య హోదాలో ఫ్రాన్స్‌కు ముందే చోటుంది కాబట్టి అది నార్వేకు వెళ్లింది. తర్వాతి స్థానాల్లో ఉన్నవాళ్లకు ఒలింపిక్ అర్హత టోర్నీల్లో బెర్తులు. అందుకే ఏడో స్థానం మ్యాచ్‌లోనూ పళ్లు బిగించి ఆడారు.

మనకు చిక్కు టైముతోనే. శీతాకాలంలో యూరప్ మధ్య ప్రాంతం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 6 గంటల మ్యాచ్ మనకు రాత్రి పదిన్నరకు, 8:30 మ్యాచ్ ఒంటిగంటకు. ప్రసార హక్కులు ఎవరూ కొనని దేశాలకు అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ సమాఖ్య (ఐహెచ్‌ఎఫ్) తన యూట్యూబ్ ఛానెల్‌లో లైవ్ ఇస్తుంటుంది. స్కోరు చూడకుండా పొద్దున్నే పెట్టుకున్నా పూర్తి మ్యాచ్ గంటన్నరలో అయిపోతుంది. మన టైములో, మన గడ్డ మీద చూడాలనుకున్నవాళ్లకు 2024 డిసెంబర్‌లో ఢిల్లీలో ఆసియా మహిళల చాంపియన్‌షిప్ జరిగింది. ఫైనల్లో జపాన్ 25-24తో దక్షిణ కొరియాను ఓడించింది.

2027 ప్రపంచ పోటీలు హంగరీలో. హ్యాండ్‌బాల్ అంటే అక్కడ పిచ్చి, హాళ్లు నిండుతాయి. వెళ్లే ఆలోచన ఉంటే గ్రూప్ దశ టికెట్ల మీద డబ్బు పోయకుండా మెయిన్ రౌండ్ ఆఖరి రెండు రోజులకు కొనుక్కోండి.