మేపుల్ ట్యూబింగ్‌కి వైర్‌లెస్ వాక్యూమ్ సెన్సర్లు: ఐదుకి మూడున్నర

వెర్మాంట్‌లో మా ఇంటి వెనక కొండవాలులో మేపుల్ చెట్లకి మూడు వందల దాకా ట్యాపులు పెడతాం, అంటే చెట్టుకి కన్నం వేసి సిరప్ కోసం సాప్ (చెట్టు నుంచి కారే తియ్యటి రసం) పడతాం. మా ఇద్దరివీ ఉద్యోగాలే కాబట్టి సీజన్‌లో అడవిలో తిరగడానికి పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట దొరికితే గొప్ప. లీకు ఎక్కడుందో ఇంట్లో కూర్చునే తెలుస్తుందంటే ఆశపడి ఈ సెన్సర్లు కొన్నాం. ఏ కంపెనీవో మాత్రం రాయను. వాళ్ళతో నాకో పేచీ ఉంది, అది కింద చెబుతాను.

ఈ ఊళ్ళ వైపు కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు. ఇప్పుడు చాలామంది బకెట్లు కట్టరు. ప్రతి చెట్టు నుంచి సన్నటి ప్లాస్టిక్ గొట్టం, అలాంటివి కొన్ని కలిసి ఒక లాటరల్, లాటరళ్ళన్నీ వెళ్ళి మెయిన్ లైన్లో కలుస్తాయి, అన్నిటికీ కింద పంపు. పంపు ఎంత గట్టిగా లాగితే సాప్ అంత ఎక్కువ. వాక్యూమ్‌ని పాదరసం అంగుళాల్లో కొలుస్తారు. ఒక్కో అంగుళానికి సాప్ 5 నుంచి 7 శాతం పెరుగుతుందని అండర్‌హిల్‌లో వెర్మాంట్ యూనివర్సిటీ వాళ్ళ ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రం లెక్క. అంటే పంపు దగ్గర 26 ఉండి లైను చివర 21 చూపిస్తుంటే, ఆ లైను మీద రావాల్సిన సాప్‌లో పావు వంతుకి అటూ ఇటూగా పోయినట్టే. గాలన్ సిరప్‌కి దాదాపు 40 గాలన్ల సాప్ మరిగించేవాళ్ళకి ఆ పావు వంతు ఎంత బాధో చెప్పక్కర్లేదు.

సెన్సర్ పని చిన్నదే. ఒక్కో మెయిన్ లైను చివర ఒకటి బిగిస్తాం, అది రేడియోలో ఇంటికి చెబుతుంది, ఫోన్లో అంకె కనిపిస్తుంది. మూడో లైను 25 నుంచి 20కి పడిందని ఆఫీసు మీటింగులో ఉండగానే తెలిసిపోతుంది. ఇది నిజంగా బాగుంది. ఇదివరకు ఒక్కో లైను వాల్వు మూసి, గేజ్ ముల్లు లేస్తుందా అని చూస్తూ కూర్చునేవాళ్ళం. ఏ లైను మూస్తే ముల్లు లేచిందో దాని మీదే లీకు. ఇప్పటికీ పైసా ఖర్చు లేని పద్ధతి అదే, కాకపోతే మనిషి అక్కడ ఉండాలి.

సెన్సర్ ఇక్కడితో ఆగిపోతుంది. మూడో లైను అంటుంది గానీ, మూడో లైను మీద ఉన్న బోలెడు గొట్టంలో ఏ చోట అన్నది చెప్పదు. సైకిల్ ట్యూబులాగా నీళ్ళలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూద్దామంటే, ఇక్కడ గాలి బయటికి రాదు, లోపలికి పోతుంది. కాబట్టి బుడగలు గొట్టం లోపలే చూడాలి. బాగున్న లాటరల్లో సాప్ నింపాదిగా, చిన్న చిన్న బుడగలతో జారుతుంటుంది. లీకున్న చోటు నుంచి మెయిన్ లైను దాకా మాత్రం పొడుగాటి గాలి ఖాళీలతో పరుగులు పెడుతుంది. ఆ పరుగు పట్టుకుని పైకి నడుస్తూ పోతే ఒక చోట ఠక్కున నెమ్మదిస్తుంది. అక్కడ ఆగి చెవి పెడితే సన్నగా ‘స్స్’మని వినిపిస్తుంది. గాలి వీస్తున్న రోజు ఈ చెవి పని అస్సలు కుదరదు.

దొరికేది సాధారణంగా ఉడత పనే. నీలం గొట్టం మీద జంటగా రెండు పళ్ళ గాట్లు, ఒక్కోసారి సూది మొనంత కన్నం, చేత్తో తడిమితే గానీ తెలియదు. అక్కడ ఏమీ లేకపోతే చెట్టు దగ్గర స్పౌట్ (చెట్టు కన్నంలో దిగగొట్టే చిన్న గొట్టం ముక్క) చూడాలి. సుత్తితో ఒక దెబ్బ ఎక్కువ వేస్తే చెక్క చీలి ఆ చీలికలోంచి గాలి లాగుతుంది.

కొరికిన ముక్క కోసేసి మధ్యలో కనెక్టర్ పెడితే సరి. కానీ చలికి బిరుసెక్కిన గొట్టం రెండు కొసల్నీ దగ్గరికి లాగి ఎక్కించడం ఉత్త చేతులతో అయ్యే పని కాదు. దీనికి రెండు దవడలుండే ట్యూబింగ్ టూల్ ఉంటుంది. చెరో కొసనీ పట్టుకుని దగ్గరికి లాగుతుంది. కొసల్ని ఫ్లాస్కులో వేడినీళ్ళలో కాసేపు ముంచితే మెత్తబడి కనెక్టర్ మీదకి సులువుగా ఎక్కుతాయి. సెన్సర్లు లేకపోయినా సీజన్ గడుస్తుంది. ఈ టూల్ లేకపోతే మాత్రం గడవదు, దీనికి ఐదుకి ఐదు.

మార్కులు ఎందుకు తగ్గించానంటే, ముందుగా పొద్దుటి అలారాలు. రాత్రి గడ్డకట్టిన లైను ఎండ తగిలిన చోట ముందు కరుగుతుంది, నీడలో ఇంకా మంచు బిరడా ఉంటుంది. దానికి పైనున్న సెన్సర్‌కి వాక్యూమ్ అందదు, సున్నా చూపిస్తుంది. ఫోను ఎర్రగా అరుస్తుంది, మనకి టెన్షన్. తీరా వెళ్తే లీకే లేదు. లైను మొత్తం కరిగి సాప్ కదిలేదాకా ఆ అంకెల్ని నమ్మొద్దు. మా ఆయన నోటిఫికేషన్లే ఆపేశారు, తొమ్మిది దాటాక తనే తెరిచి చూసుకుంటారు.

ఇక పేచీ. గట్టి చలి పడ్డ వారంలో ఒక సెన్సర్ చచ్చిపోయింది. వారంటీ ఉంది, మర్యాదగానే మాట్లాడారు. కొత్తది వచ్చేసరికి మొగ్గలు విచ్చి సాప్ వాసన మారిపోయింది, అంటే ఆ ఏటికి దుకాణం కట్టేసినట్టే. ఆరు వారాల సీజన్‌కి సామాను అమ్మేవాళ్ళు మార్చిలో విడి సెన్సర్లు దగ్గర పెట్టుకోకపోతే ఎలా?

యాభై, వంద చెట్లకైతే ఇవి దండగ. ప్రతి మెయిన్ లైనుకీ ఒక వాల్వు, ఒక గేజ్ పెట్టుకుని ఆ డబ్బు టూల్‌కి, కనెక్టర్లకి పెట్టండి. వాలు బాగా ఉంటే పంపే అక్కర్లేదు, 3/16 అంగుళం సన్న గొట్టంలో దిగే సాప్ బరువే వాక్యూమ్ పుట్టిస్తుంది. మాలాగా పగలు ఇంట్లో లేనివాళ్ళు, లైన్లు కొండ అవతలికి పోయినవాళ్ళు కొనుక్కోవచ్చు. కొంటే నవంబరులోనే బిగించేసుకోండి. మెయిన్ లైను కోసి సెన్సర్ కోసం టీ జాయింటు పెట్టాలి, చేతి తొడుగులు తీయకుండా అది అవదు.